పుల్ల మీద పూస... పనిముట్టు తెలిస్తేనే నాలుగు కాసులు

* కంసాలి పెట్టెలోని శ్రావణమే గాజు పనికి ఆసరా
* అచ్చుల కన్నా ముందు బట్టీ కొనాలంటున్న హోసూరు అక్క

హోసూరు: చాన్నాళ్లుగా కనిపించని మనిషి ఎదురైతే 'ఏమబ్బా, నల్లపూసైపోయావే!' అని పలకరిస్తాం. సరిహద్దు దాటి ఎన్ని తరాలైనా తెలుగిళ్లలో ఈ మాట పోలేదు. మంగళసూత్రం పక్కన నల్లపూసలు గుచ్చుకోవడమూ పోలేదు. కానీ ఆ పూస ఎలా పుడుతుందో, దానికి ఆ గుండ్రన ఎక్కడి నుంచి వస్తుందో చూసినవాళ్లు మాత్రం తక్కువే. చూడాలంటే హోసూరులోని ఓ పాత పెంకుటింటి వసారాలోకి వెళ్లాలి. అక్కడ ఒకప్పుడు కంసాలి కుంపటి ఉండేది. ఇప్పుడు అదే చోట బల్ల, బల్ల మీద బర్నర్, నీలి మంట. మంట ముందు నల్ల కళ్లద్దాలతో నలభై ఏళ్లు దాటిన ఓ ఇల్లాలు. పేరు రాయొద్దన్నారు కాబట్టి అక్క అనే పిలుచుకుందాం.

అక్క మామగారు కంసాలి. మిషను నగలు అంగళ్లలోకి వచ్చాక ఆయనకు పని తగ్గింది. కొడుకు ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరాడు. "బంగారు పని పొయ్యింది తమ్ముడూ... పెట్టె మాత్రం ఉండిపొయ్యింది" అంటారు అక్క, గోడ వారగా ఉన్న చెక్క పెట్టెను చూపిస్తూ. ఆ పెట్టెలో శ్రావణం, పట్టుకారు, ఊదుగొట్టం, చిన్న సుత్తి, దాగలి ఉన్నాయి. బెంగళూరులో కొద్దిరోజులు గాజు పూసల పని నేర్చుకుని వచ్చిన కోడలు ఇప్పుడు ఆ పెట్టెకు వారసురాలు.

ఊదుగొట్టం పక్కనే బర్నర్ ఉండటం చూసేవాళ్లకు వింతగా ఉంటుంది కానీ రెండూ ఒకే జాతివి. కంసాలి దీపపు మంటలోకి గొట్టంతో గాలి ఊది, మంటను సూదిలా చేసి అతుకు వేస్తాడు. గాజు పనివాళ్లు కూడా మొదట్లో నూనె దీపం మంటలోకి గాలి ఊదే గాజును మెత్తబరిచేవారు. అందుకే ఈ పనికి 'ల్యాంప్‌వర్క్' అనే పేరు. దీపం పోయి గ్యాసు, ఆక్సిజన్ వచ్చినా పేరు మారలేదు. ఇటలీలోని వెనిస్, మురానో ఈ పనికి ప్రపంచ ప్రసిద్ధి. మన దేశంలో వారణాసి గాజు పూసలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్ జిల్లా పుర్దిల్‌నగర్ కూడా పూసల ఊరే.

పని చూడటానికి తేలిక. గాజు కడ్డీ కొసను మంటలో పెడితే తేనెలా మెత్తబడుతుంది. దాన్ని పూత పూసిన స్టీలు పుల్ల చుట్టూ చుడతారు. తిప్పుతూ ఉంటే గుండ్రమవుతుంది. అంతే పూస. కానీ అక్కడి నుంచే అసలు ప్రశ్న మొదలవుతుంది. గుండ్రంగా కాకుండా పీపాలా కావాలంటే? బిళ్లలా కావాలంటే? నాలుగు పలకలుగా కావాలంటే? దేంతో నొక్కాలి? ఏది కొనాలి? ఏది కొనకూడదు? ఈ ఎంపికలో తప్పితే ఎంత నష్టమో అక్కకు అనుభవమే. ఆ సంగతి కాసేపాగి చూద్దాం.

ముందు పుల్ల... ఆ తర్వాతే పూస

రూపమిచ్చే పనిముట్లలో మొదటిది కొనేది కాదు. అది భూమి ఆకర్షణ. మెత్తబడిన గాజు ఎప్పుడూ కిందికే జారుతుంది. పుల్లను నేలకు సమాంతరంగా పట్టుకుని ఆగకుండా తిప్పితే జారే గాజు అన్ని వైపులా సమంగా సర్దుకుని గుండ్రమవుతుంది. చెయ్యి ఆగితే ఒకవైపు వేలాడుతుంది. "ఈ తిప్పడం రాకపోతే ఎన్ని సామాన్లు కొన్నా దండగే" అన్నది అక్క మొదటి మాట. తిప్పడం ఒక్కటే ఆమెకు రెండు నెలలు పట్టిందట.

రెండోది పుల్ల. స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడతారు. ఎంత లావు పుల్ల ఎంచుకుంటే పూసకు అంత రంధ్రం. సన్నని దారం, తీగ గుచ్చే చిన్న పూసలకు 1.6 మిల్లీమీటర్ల పుల్ల. మామూలు దండ పూసలకు 2.4. తోలు తాడు ఎక్కించాలంటే 3.2 లేదా అంతకన్నా లావు. పూస బరువైనదైతే సన్న పుల్ల వంగుతుంది. వంగిన పుల్ల తిప్పితే పూస వంకర. అందుకే కొనేటప్పుడు పుల్లను బల్ల మీద దొర్లించి చూసుకోవాలి. ఎగరకుండా దొర్లితే తిన్నగా ఉన్నట్టు.

పుల్లకు మట్టి లాంటి పూత పూసి, నిలబెట్టి ఆరబెడతారు. ఈ పూత లేకపోతే గాజు స్టీలును పట్టుకుని ఇక ఊడదు. పూత మరీ పలచనైతే పూస ఇరుక్కుంటుంది. మరీ మందమైతే పని మధ్యలో పెచ్చులూడి పూస గిర్రున తిరుగుతుంది. దోసె పిండి జారుగా కలుపుతామే, ఆ జోరు ఉండాలంటారు అక్క.

పలకా... తెడ్డా?

మూడోది, అసలైన రూపకర్త. మెత్తని పూసను దొర్లించడానికి, అద్దడానికి ఓ చదునైన తలం కావాలి. పనివాళ్లు మార్వర్ అంటారు. అక్క ఇంట్లో దాని పేరు పలక. దానికే పిడి ఉంటే తెడ్డు. పుల్లను తెడ్డుకు సమాంతరంగా పెట్టి దొర్లిస్తే పీపా ఆకారం. కాస్త ఏటవాలుగా పెడితే శంకువు. నాలుగు వైపులా అద్దితే పాచిక. అంటే ఒక్క తెడ్డు, మూడు నాలుగు రూపాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు దీన్నే కొనాలనడానికి కారణం ఇదే.

ఏ సరుకుతో చేసింది కొనాలన్నది తరువాతి ప్రశ్న. బజారులో ప్రధానంగా మూడు రకాలున్నాయి.

గ్రాఫైట్: పెన్సిల్ ములుకులో ఉండే సరుకే. కరిగిన గాజు దీనికి అంటుకోదు. నేర్చుకునేవాళ్ల తప్పులను ఇది మన్నిస్తుంది. కానీ మెత్తనిది. కిందపడితే విరుగుతుంది. గీతలు పడితే ఆ గీతలు పూస మీదికీ వస్తాయి. మంటలో నేరుగా పెట్టి ఉంచితే మెల్లమెల్లగా అరిగిపోతుంది.

ఇత్తడి: గట్టిది, ఏళ్ల తరబడి ఉంటుంది. వేడిని గబుక్కున లాగేస్తుంది కాబట్టి పూస రూపం వెంటనే నిలబడుతుంది. అదే దాని చిక్కు కూడా. పైపొర ఒక్కసారిగా చల్లబడి ముడతల్లాంటి మరకలు పడతాయి. మళ్లీ మంట చూపిస్తే అవి పోతాయి. ఇత్తడి తానే బాగా వేడెక్కితే మాత్రం గాజు దానికి అతుక్కుంటుంది. మధ్య మధ్య చల్లారనివ్వాలి.

స్టీలు: చౌక. ఎక్కడైనా దొరుకుతుంది. చల్లగా ఉన్నంతసేపూ పని చేస్తుంది. వేడెక్కితే గాజు పట్టుకుంటుంది.

అల్యూమినియం ముక్క ఇంట్లో ఉంది కదా అని దాన్ని మంట దగ్గరికి తీసుకురావద్దు. అది 660 డిగ్రీలకే కరుగుతుంది.

అక్క చేతిలో ఉన్నది చిన్న గ్రాఫైట్ తెడ్డు. అర చెయ్యంత కూడా లేదు. "పెద్దదైతే బరువు. ఒక చేత్తో పుల్ల తిప్పతా, ఇంకో చేత్తో ఇది పట్టుకోవాల గదా. సాయంత్రానికి మణికట్టు పీకతాది" అన్నారు. పనిముట్టు ఎంచుకునేటప్పుడు సరుకెంత ముఖ్యమో బరువూ అంతే ముఖ్యమన్నమాట. చేతికి పట్టి చూడకుండా కొంటే తెలిసే సంగతి కాదిది.

మామయ్య శ్రావణం, టంగ్‌స్టన్ సూది

బిళ్లలా కావాలంటే పూసను రెండు వైపుల నుంచీ ఒకేసారి నొక్కాలి. దీనికి మాషర్ అనే పనిముట్టు ఉంది. అట్లకాడల్లాంటి రెండు ఇత్తడి రేకులు పట్టుకారులా కలిసి ఉంటాయి. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే. మూసినప్పుడు రెండు రేకులూ సమాంతరంగా ఉండాలి. కత్తెరలా ఒక కొస ముందు కలిస్తే బిళ్ల ఒకవైపు మందం, ఒకవైపు పలచన అవుతుంది.

గాజును చిటికెడు పట్టి లాగడానికి, ఆకు కొసలా సాగదీయడానికి, చేప తోకలా నొక్కడానికి సన్న మూతి పట్టుకారు కావాలి. అక్క దీన్ని కొనలేదు. మామగారి శ్రావణమే వాడుతున్నారు. బంగారు గుండ్లను ఏరిన శ్రావణం ఇప్పుడు గాజు రేకులను లాగుతోంది. మొదట్లో ఆయన ఒప్పుకోలేదట. "వేడి గాజుకు పెడితే మొన పాడైపోతాదని కోప్పడినారు. నిజమే, ఒకటి పాడైంది. రెండోది జాగర్తగా వాడతా ఉండాను" అని నవ్వారు. చల్లని మొనతో చటుక్కున పట్టి వదిలేయాలి. పట్టుకునే ఉంటే గాజు మొనకు అంటుకుంటుంది.

చుక్కలు, గీతలు పెట్టిన పూస మీద రంగును సూదితో లాగితే పూరేకులు, ఈకలు వస్తాయి. ఈ సూదికి టంగ్‌స్టన్ మంచిది. అది 3,422 డిగ్రీల దాకా కరగదు కాబట్టి మంటలో వంగిపోదు. మంటలోనే పట్టి ఉంచితే పైన తుప్పులాంటి పొర కడుతుంది. పని కాగానే బయటికి తీయాలి. అంత డబ్బు పెట్టలేనివాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు దంత వైద్యుల పనిముట్లతో మొదలుపెడతారు. గాడి తీయడానికి మొండి కత్తి, పాత బ్లేడు చాలు. పాచిక పూస మీద వెన్న కత్తితో నొక్కి గుమ్మడికాయ చారలు వేసి చూపించారు అక్క.

అచ్చుల మోజు... చేతులు కాల్చుకున్న వైనం

ఇక అందరినీ ఊరించేవి ఇత్తడి అచ్చులు. హృదయం, ఆకు, గవ్వ, కందిబద్ద... ఏ రూపం కావాలంటే ఆ రూపం. కింద సగం, పైన సగం. మధ్యలో మెత్తని పూసను పెట్టి నొక్కితే చాలనిపిస్తుంది. అక్కకూ అలాగే అనిపించింది. పని నేర్చుకున్న కొత్తలో చీటీ డబ్బులు చేతికొస్తే ఎనిమిది అచ్చులు తెప్పించుకున్నారు. బట్టీ తర్వాత చూద్దాంలే అనుకున్నారు.

మొదటి దెబ్బ అచ్చుల దగ్గరే తగిలింది. అచ్చుకు సరిపడా గాజే పడాలి. తక్కువైతే మూలలు నిండవు. ఎక్కువైతే అంచుల వెంట పొర బయటికి పొంగుతుంది. కొలత చేతికి రావడానికి ఎన్ని పూసలు పారేశారో లెక్కలేదు. చివరికి ఒక్కో అచ్చుకూ ఎంత పొడవు కడ్డీ కరిగించాలో గోడ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నారు. ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. అచ్చులు మాత్రం ఎనిమిదిలో రెండే వాడుకలో ఉన్నాయి. మిగిలినవి డబ్బాలో నల్లబడుతున్నాయి.

రెండో దెబ్బ అంతకన్నా పెద్దది. బెంగళూరులో ఓ దుకాణం వాళ్లు అరవై దండలు అడిగారు. అచ్చు పూసలు చక్కగా వచ్చాయి. చేసిన పూసను చేసినట్టే వేడి బూడిదలో కప్పెట్టి చల్లార్చారు. దండలు వెళ్లిపోయాయి. మూడు వారాలకు సగానికి పైగా వెనక్కి వచ్చాయి. పూసలకు వెంట్రుకల్లాంటి బీటలు. కొన్ని మెడలోనే రెండు ముక్కలయ్యాయట. ఆ బేరం మళ్లీ రాలేదు. పగిలిన పూసలను అక్క ఓ ఊరగాయ సీసాలో పోసి బల్ల మీదే పెట్టుకున్నారు. "మర్చిపోకుండా" అన్నారు.

బూడిద సరిపోదు... బట్టీ కావాలి

తప్పు ఎక్కడ జరిగింది? గాజు పైన తొందరగా, లోపల ఆలస్యంగా చల్లబడుతుంది. పైపొర బిగుసుకున్నాక లోపలి గాజు ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడు పూసలోనే ఉండిపోతుంది. కంటికి కనపడదు. ఓ చిన్న దెబ్బ తగిలిన రోజునో, చలి తగిలిన రోజునో బయటపడుతుంది. బూడిద చల్లారడాన్ని నెమ్మది చేస్తుందే కానీ ఆ లాగుడును తీసేయదు. దానికి అనీలింగ్ చేయాలి. మామూలు మెత్త గాజు పూసలను దాదాపు 510 డిగ్రీల దగ్గర కొంతసేపు ఒకే వేడిలో ఉంచి, ఆ తర్వాత గంటల తరబడి మెల్లగా దించాలి. వేడిని కొలిచి అదుపులో పెట్టే కరెంటు బట్టీ లేకుండా ఇది కుదరదు. అచ్చు పూసకు మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

పగలడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. రెండు రకాల గాజు కలపడం. వేడికి ఒక్కో గాజు ఒక్కో లెక్కన వ్యాకోచిస్తుంది. కడ్డీల మీద సీఓఈ అని ఆ అంకె రాస్తారు. మురానో రకం మెత్త గాజుకు 104, మరికొన్ని రకాలకు 96, 90, గట్టి బోరోసిలికేట్‌కు 33. ఒక పూసలో వేర్వేరు అంకెల గాజు కలిస్తే బట్టీలో పెట్టినా బీటలు తప్పవు. అంకె తెలియని సీసా పెంకును అందమైన కడ్డీతో కలపడం అంటే డబ్బు మంటలో పోసినట్టే. గాజు మారితే పనిముట్టు లెక్క కూడా మారుతుంది. బోరోసిలికేట్‌కు చాలా ఎక్కువ వేడి కావాలి. ఇత్తడి అచ్చు త్వరగా వేడెక్కుతుంది. అందుకే ఆ పనిలో గ్రాఫైట్‌దే పైచేయి.

బట్టీ కోసం అక్క మళ్లీ చీటీ కట్టారు. పద్నాలుగు నెలలు పట్టింది. "అచ్చులకు పెట్టిన దుడ్డు బట్టీకి పెట్టింటే ఆ అంగడి పోయుండేదా?" అన్నది ఆమె ప్రశ్న. ఇప్పుడు పారదర్శక పూసలను అమ్మే ముందు ఓ చిన్న పరీక్ష చేస్తున్నారు. రెండు పోలరాయిడ్ ఫిల్ములను అడ్డంగా, నిలువుగా పెడితే వెలుగు ఆగి చీకటవుతుంది. మధ్యలో పూస పెట్టినప్పుడు మెరుపు మచ్చలు కనిపిస్తే లోపల లాగుడు మిగిలి ఉన్నట్టే. మళ్లీ బట్టీకి పంపాలి.

పాపానాయుడుపేట దారి వేరు

పూసల పని తెలుగువాళ్లకు కొత్త కాదు. తిరుపతి జిల్లా (2022కు ముందు చిత్తూరు జిల్లా) ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట పూసల ఊరుగా ప్రపంచ పరిశోధకులకు తెలుసు. అమెరికన్ పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ ఊరి పద్ధతిని వివరంగా రాశారు. అక్కడ పూసను ఒక్కోటిగా చుట్టరు. కొలిమిలోని గాజు ముద్దను 'లాడా' అనే బోలు ఇనుప గొట్టం కొసకు చుట్టి, పలక మీద దొర్లించి శంకువులా చేస్తారు. గొట్టంలోంచి ఇనుప కడ్డీ పోనిచ్చి ముద్దలో బోలు తెస్తారు. ఆ పైన కొక్కెంతో కొస పట్టి గాజును సన్న గొట్టంలా లాగుతూనే ఉంటారు. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా తెంచి, బూడిదతో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచులు గుండ్రమవుతాయి. ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా, రంధ్రాలు మూసుకోకుండా కాపాడటానికే అక్కడ బూడిద.

ఇలా లాగిన చిన్న పూసలకు ఫ్రాన్సిస్ 'ఇండో-పసిఫిక్ పూసలు' అని పేరు పెట్టారు. అవి విరివిగా తయారైన పాత చోటు పుదుచ్చేరి దగ్గరి అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలతో ఆ రేవు లోకానికి తెలిసింది. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న మన యానాం పాఠకులకు ఇది సొంత కథే.

రెండు పద్ధతులనూ పక్కపక్కన పెడితే పనిముట్టు మాట ఎంత చెల్లుతుందో తెలుస్తుంది. గొట్టం, కొక్కెం చేతిలో ఉంటే ఒకే రకం పూసలు వేలల్లో వస్తాయి. పుల్ల, తెడ్డు చేతిలో ఉంటే రోజుకు కొన్నే వస్తాయి కానీ ఏ రెండూ ఒకేలా ఉండవు. వేలల్లో వచ్చే పూసతో చుట్టిన పూస ధరలో పోటీ పడలేదు. రూపంతోనే పోటీ పడాలి. అందుకే అక్క తన డబ్బును రూపమిచ్చే చేతి పనిముట్ల మీద ఆచితూచి పెడుతున్నారు.

కళ్లు, ఊపిరి జాగ్రత్త

మెత్త గాజు మంటలో పెడితే పసుపు పచ్చ వెలుగు లేస్తుంది. గాజులోని సోడియం వల్ల వచ్చేదది. అది కళ్లను కమ్మేస్తే పూస రూపం కనపడదు. డిడీమియం కళ్లద్దాలు ఆ వెలుగును ఆపుతాయి. మామూలు నల్ల కళ్లద్దాలు ఆపలేవు. బోరోసిలికేట్ పనికి ఇంకా ముదురు అద్దాలు కావాలి. పూత పొడిని, పూస రంధ్రంలోని మట్టిని పొడిగా గోకితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లలో ముంచే శుభ్రం చేయాలి. గదిలో పొగ బయటికి లాగే ఫ్యాను ఉండాలి. ఆక్సిజన్ బిగింపులకు నూనె, గ్రీజు తగలనివ్వకూడదు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అమ్మకానికి చేసే పనికి వంటింటి సిలిండరు వాడటం చట్టరీత్యా కుదరదు, వాణిజ్య సిలిండరే తీసుకోవాలి.

కొనే వరుస ఇదీ...

* తిన్నని స్టీలు పుల్లలు, పూత. రెండు కొలతలు చాలు.
* డిడీమియం కళ్లద్దాలు. వీటి దగ్గర బేరం వద్దు.
* చేతికి బరువు కాని గ్రాఫైట్ తెడ్డు.
* సూది, మొండి కత్తి, సన్న మూతి పట్టుకారు. ఇంట్లో ఉన్నవి ముందు చూసుకోండి.
* వేడిని అదుపు చేసే బట్టీ. ఇది వచ్చేదాకా అమ్మకం వద్దు.
* సమాంతరంగా మూసుకునే మాషర్.
* అచ్చులు అన్నిటికన్నా చివర. అదీ బేరం చేతికొచ్చాక ఒక్కొక్కటిగా.

పూస కొనేవాళ్లు కూడా ఒకటి చూసుకోవచ్చు. రంధ్రం దగ్గర అంచు బొడ్డులా లోపలికి నొక్కుకుని, వేలికి నున్నగా తగలాలి. ముల్లులా గుచ్చుకుంటే ఆ అంచు దారాన్ని కోసేస్తుంది. పుల్ల మీద గాజు చాలినంత వేయకపోతే, లేదా తెడ్డుతో మొరటుగా నొక్కితే ఇలా అవుతుంది.

మేం బయల్దేరే ముందు అక్క బట్టీలోంచి ముందురోజు పూసలు తీశారు. వసారా చివర కుర్చీలో ఉన్న మామగారి చేతిలో ఒకటి పెట్టారు. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత బొటనవేలితో రెండు అంచులూ తడిమారు. "ఒకవైపు సరి. ఇంకోవైపు ఇంకా రావాల" అన్నారు. అక్క ఆ పూసను విడిగా పక్కన పెట్టి, మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఈసారి బెంగళూరు బేరం పన్నెండు దండలే. అయినా ఒక్క పూసా వెనక్కి రాకూడదన్నది ఆమె పట్టుదల.